సెండ్ నొక్కే ముందు: యూనివర్సిటీ గ్రూప్ మెయిల్ వాడే పద్ధతి

పరీక్ష ఫీజు ఆఖరి తేదీ, స్కాలర్‌షిప్ పోర్టల్ జ్ఞానభూమిలో వివరాలు సరిచూసుకోమన్న కబురు, పీహెచ్‌డీ ఇంటర్వ్యూ పిలుపు, హాస్టల్ గదుల జాబితా. విభాగం గ్రూప్ మెయిల్‌లో వచ్చే ఇలాంటివి రెండు రోజులు ఆలస్యంగా చూస్తే విద్యార్థికి ఒక సెమిస్టరో, ఒక ఏడాదో పోతుంది. అనంతపురం ఎస్కేయూ, జేఎన్‌టీయూ, కడప యోగి వేమన, కర్నూలు రాయలసీమ యూనివర్సిటీ, ఎక్కడ చూసినా కుందుర్పి, రొళ్ల, హొళగుంద, ముద్దనూరు లాంటి చోట్ల నుంచి వచ్చి చదివే పిల్లలుంటారు. సెలవులకు ఊరికి పోతే మిద్దెక్కి సిగ్నల్ పట్టుకుని ఫోన్లోనే మెయిల్ చూసుకుంటారు. అలాంటి పిల్ల ఇన్‌బాక్స్ తెరిచేసరికి పైన ‘కంగ్రాట్స్ సార్’ అంటూ నలభై ఉత్తరాలుండి, వాటి అడుగున ఫీజు నోటీసు ఉంటే, ఆ నోటీసు పంపినా పంపనట్టే. ఇక్కడ చెప్పే పద్ధతులన్నీ ఆ నోటీసు ఆ పిల్ల కంట పడాలనే.

మొదటి పని: ఆ చిరునామా వెనక ఎవరున్నారో తెలుసుకోండి

గ్రూప్ చిరునామా చూడ్డానికి ఒక మనిషి చిరునామాలాగే ఉంటుంది. దానికి రాసిన ఉత్తరాన్ని సర్వర్ సభ్యులందరికీ తలా ఒక ప్రతి పంపిస్తుంది. 1986లో పారిస్‌లో చదువుకుంటున్న ఎరిక్ థామస్ ఇలాంటి జాబితాలను తనే నడిపే లిస్ట్‌సర్వ్ అనే ప్రోగ్రాం రాశాడు. అంతకు ముందు ఇలాంటి జాబితాల్లో పేరు చేర్చాలన్నా తీసెయ్యాలన్నా ఒక మనిషి కూర్చుని చేత్తో చెయ్యాల్సిందే. ఇప్పుడు ఆ పని గూగుల్ గ్రూప్స్, మెయిల్‌మ్యాన్ లాంటివి చేస్తున్నాయి.

మిమ్మల్ని గ్రూపులో చేర్చగానే సాధారణంగా ఒక స్వాగత ఉత్తరం వస్తుంది. దాన్ని చెరిపెయ్యకండి. బయటికి పోయే దారి, గ్రూపు చూసుకునే వారి చిరునామా అందులోనే ఉంటాయి. ఆ ఉత్తరం చదివినా, ఆఫీసులో అడిగినా మూడు సంగతులు తేలిపోవాలి. ఈ గ్రూపులో ఎవరెవరున్నారు? ఎవరైనా రాయొచ్చా, ఆఫీసు వాళ్లు మాత్రమే రాస్తారా? నేను ‘రిప్లై’ నొక్కితే జవాబు ఒక్కరికి పోతుందా, అందరికీ పోతుందా? మూడోది అన్నిటికంటే ముఖ్యం. కొన్ని గ్రూపుల్లో జవాబులన్నీ గ్రూపుకే పోయేలా సెట్టింగ్ ఉంటుంది. అక్కడ మామూలు రిప్లై కూడా రిప్లై ఆల్ కిందే లెక్క. తెలియనప్పుడు రాసే ముందు ‘టు’ గడిలో ఏ చిరునామా వచ్చిందో ఒకసారి చూడండి. అరక్షణం పని.

మీ క్లాసువాళ్లు అరవై మందే ఉన్నారనుకునే గ్రూపులో అతిథి అధ్యాపకులు, ఆఫీసు సిబ్బంది, చదువు ముగించుకుని పోయిన సీనియర్లు కూడా ఉండొచ్చు. ‘ఒరేయ్ మామా’ అని మొదలుపెట్టే ముందు ఇది గుర్తుండాలి.

రెండో పని: గ్రూపుకే పంపాలా?

గ్రూపుకు రాయడమంటే ఊర్లో చాటింపు వేయించడమే. ఇంటి పక్కాయనతో చెప్పాల్సిన మాటకు ఎవరూ చాటింపు వేయించరు. హాల్ టికెట్‌లో ఫొటో మారిందా? పరీక్షల విభాగానికి రాయండి. హాజరు శాతం తక్కువ పడిందా? క్లాస్ టీచరుకు రాయండి. సైకిలు అమ్మాలా? విభాగం గ్రూపు దానికి కాదు, హాస్టల్ నోటీసు బోర్డు ఉంది. ఉగాది, సంక్రాంతి, రంజాన్ శుభాకాంక్షల బొమ్మలు వాట్సాప్‌లోనే ఉండనివ్వండి. కబురు ఈ సభ్యుల్లో కనీసం సగంమందికి పనికొస్తుందా అని అడగడం నా అలవాటు. రాదనిపిస్తే వ్యక్తిగతంగానే రాస్తాను.

ఒక్క విషయం మాత్రం గట్టిగా చెప్పాలి. ర్యాగింగ్ గురించి, లైంగిక వేధింపుల గురించి ఫిర్యాదు గ్రూపుకు రాయకండి, వేరేవాళ్లు రాసినా ముందుకు పంపకండి. దాచిపెట్టమని నేను చెప్పడం లేదు. బాధపడిన మనిషి పేరు మూడు వందల మంది ఫోన్లలోకి పోయాక దాన్ని వెనక్కు తెచ్చే దారి లేదు. ఆరోపణ ఎదుర్కొంటున్నవాళ్లూ అదే గ్రూపులో ఉండొచ్చు. ర్యాగింగ్‌కు యూజీసీ హెల్ప్‌లైన్ 1800-180-5522 రాత్రింబవళ్లు పనిచేస్తుంది. కాలేజీలో యాంటీ ర్యాగింగ్ కమిటీ ఉంటుంది. వేధింపుల విషయానికి 2013 చట్టం ప్రకారం ప్రతి విద్యాసంస్థలో అంతర్గత ఫిర్యాదుల కమిటీ ఉండి తీరాలి. ఆ కమిటీ సభ్యుల పేర్లు, ఫోన్ నంబర్లు గ్రూపులో అందరికీ పంపడం మాత్రం చాలా మంచి పని. ప్రతి ఏడాదీ అడ్మిషన్లు కాగానే ఆఫీసు ఈ ఉత్తరం పంపాలి.

మూడో పని: సబ్జెక్ట్ లైన్

‘అర్జెంట్’, ‘నోటీస్’, ‘సర్క్యులర్ రిగార్డింగ్’, ‘హాయ్ సార్’. ఇలాంటి సబ్జెక్టులు చూసి లోపల ఏముందో ఎవరూ చెప్పలేరు. ఫోన్ తెర మీద సబ్జెక్టులో మొదటి నాలుగైదు మాటలే కనిపిస్తాయి. కాబట్టి ఎవరికి, ఏమిటి, ఎప్పటికి అన్న మూడూ ముందే రావాలి.

‘ఎంఏ తెలుగు 3వ సెమ్: పరీక్ష ఫీజు ఆఖరి రోజు ఆగస్టు 14’ అని రాస్తే ఉత్తరం తెరవకపోయినా కబురు చేరినట్టే. ‘సమాచారం కోసం మాత్రమే’, ‘జవాబు కావాలి’, ‘మార్పు’ లాంటి మాట ఒకటి ముందు పెడితే ఇంకా మేలు. పాత తేదీ మారినప్పుడు ‘మార్పు’ అన్న మాట తప్పకుండా పెట్టండి. లేకపోతే మొదటి ఉత్తరం చూసినవాళ్లు రెండోదాన్ని అదే కదా అనుకుని వదిలేస్తారు.

కొత్త విషయం రాయాలంటే కొత్త ఉత్తరమే మొదలుపెట్టండి. చిరునామా టైపు చెయ్యడం బద్ధకమై పోయిన నెల సెమినార్ ఉత్తరం తెరిచి, రిప్లై నొక్కి, అందులో స్కాలర్‌షిప్ సంగతి రాసేవాళ్లు ఎంతోమంది. జీమెయిల్ ఒకే సబ్జెక్టు ఉన్న జవాబులను ఒకే కట్టగా కడుతుంది. సెమినార్ మీద ఆసక్తి లేని విద్యార్థి ఆ కట్టను అప్పుడే మ్యూట్ చేసి ఉంటే మీ స్కాలర్‌షిప్ కబురు అతని కంటికే రాదు.

నాలుగో పని: విషయం ఉత్తరంలోనే ఉండాలి

సర్క్యులర్‌కు స్టాంపు వేసి, సంతకం పెట్టి, ఫోన్‌తో ఫొటో తీసి, ‘పీఎఫ్ఏ’ (‘జతచేసింది చూడండి’ అనే ఇంగ్లీషు పొట్టిమాట) అన్న మూడక్షరాలతో పంపడం మన ఆఫీసుల్లో అలవాటైపోయింది. ఆ ఫొటోలో ఉన్న మాటలు వెతికితే దొరక్కపోవచ్చు. చూపు సరిగా లేని విద్యార్థి ఫోన్‌తో మెయిల్ చదివించుకుంటే ఆ మూడక్షరాలే వినిపిస్తాయి. సిగ్నల్ బలహీనంగా ఉన్నచోట అటాచ్‌మెంట్ తెరుచుకోదు. సంతకం ఉన్న ప్రతి జతచెయ్యండి, అది రికార్డుకు కావాలి. దాంతోపాటు ఉత్తరంలో ఇలా నాలుగు ముక్కలు రాయండి:

‘ఎంఏ తెలుగు మూడో సెమిస్టర్ విద్యార్థులకు. పరీక్ష ఫీజు ఆగస్టు 14, శుక్రవారం సాయంత్రం 5 గంటల్లోపు కట్టాలి. ఆ తర్వాత అపరాధ రుసుము పడుతుంది. రసీదు జిరాక్స్ విభాగం ఆఫీసులో ఇవ్వాలి. కట్టడంలో ఇబ్బంది ఉన్నవాళ్లు గ్రూపుకు రాయకుండా నాకు నేరుగా రాయండి. పూర్తి సర్క్యులర్ జతచేశాను.’

ఇందులో ‘రేపు’, ‘ఎల్లుండి’, ‘వచ్చే వారం’ అన్న మాటలు లేవు, గమనించండి. ఉత్తరం మీరు రాసిన రోజే అందరూ చదవరు. మంగళవారం రాసిన ‘రేపు’ను గురువారం చదివినవాడు శుక్రవారమే అనుకుంటాడు. తేదీ, వారం, గంట మూడూ రాయండి. వారం కూడా రాస్తే తేదీ తప్పు పడినప్పుడు ఎవరో ఒకరు పట్టుకుంటారు.

అటాచ్‌మెంట్ బరువు సంగతి. జీమెయిల్‌లో 25 ఎంబీ దాకా పంపొచ్చు. మెయిల్‌లో పోయేటప్పుడు ఫైలు అసలు సైజు కంటే దాదాపు మూడో వంతు పెరుగుతుంది కాబట్టి 18 ఎంబీ దాటితే అనుమానమే. గ్రూపుకు పంపేటప్పుడు అసలు ఆ హద్దు దగ్గరికే పోవద్దు. 4 ఎంబీ ఫొటో మూడు వందల మంది తెరిస్తే అందరికీ కలిపి 1,200 ఎంబీ డేటా ఖర్చవుతుంది. పెద్ద ఫైలైతే డ్రైవ్‌లో పెట్టి లింకు ఇవ్వండి. లింకు ఇచ్చే ముందు దాన్ని గ్రూపు సభ్యులందరూ చూడగలిగేలా అనుమతి మార్చండి. లేకపోతే ‘యాక్సెస్ ఇవ్వండి’ అన్న అభ్యర్థనలు వందల్లో వచ్చి పడతాయి, ఆ రోజంతా మీకు అదే పని.

కింద పేరు, హోదా లేదా రోల్ నంబరు, విభాగం రాయండి. ‘ఇట్లు, మీ విధేయుడు’ ఉన్నా లేకపోయినా ఫర్వాలేదు. పేరు లేకుండా మాత్రం ఉండకూడదు. మీ మెయిల్ ఐడీలో ఉన్న ముద్దుపేరు చూసి మీరెవరో ఎవరూ కనిపెట్టలేరు.

తెలుగులో రాయండి, యూనికోడ్‌లో రాయండి

తెలుగులో రాస్తే గౌరవం తగ్గుతుందన్న భయం వదిలెయ్యండి. రిజిస్ట్రార్ ఆఫీసు నుంచి ఇంగ్లీషులో సర్క్యులర్ వస్తే దాన్ని గ్రూపుకు పంపే విభాగాధిపతి పైన రెండు తెలుగు వాక్యాలు చేరిస్తే చాలు, డిగ్రీదాకా తెలుగు మీడియంలో చదివిన పిల్లలకు ఎంత ఆసరానో చెప్పలేను. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాయడం ఫోన్ కబుర్లకు సరిపోతుంది, నోటీసుకు సరిపోదు. ‘కల’, ‘కళ’ తేడా అందులో తెలియదు.

తెలుగు విభాగాల్లో, ప్రెస్సుల్లో అను ఫాంట్లలో టైపు చేసే అలవాటు ఇంకా ఉంది. ఆ మాటర్‌ను కాపీ చేసి మెయిల్‌లో అతికిస్తే అవతల తెలుగు రాదు, అర్థంపర్థం లేని ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు వస్తాయి. ఎందుకంటే ఆ ఫాంట్లు ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తెలుగు ఆకారాలు పెట్టుకుని పనిచేస్తాయి. ఫాంటు లేని ఫోన్‌లో అసలు అక్షరాలు బయటపడతాయి. అను ఫైలైతే పీడీఎఫ్ చేసి పంపండి, లేదా అన్ని ఫోన్లూ గుర్తించే యూనికోడ్ అక్షరాలకు మార్చండి. ఫోన్‌లో గూగుల్ కీబోర్డు, కంప్యూటర్లో ఇన్‌స్క్రిప్ట్ పెట్టుకుంటే నేరుగా యూనికోడ్‌లోనే టైపు అవుతుంది. అది ఏ ఫోన్‌లోనైనా తెలుగుగానే కనిపిస్తుంది.

జవాబు ఎవరికి?

2016 నవంబరు 14న ఇంగ్లండు ప్రభుత్వ ఆరోగ్య సేవల్లో ఒక పరీక్ష మెయిల్ పొరపాటున 8 లక్షలకు పైగా ఉద్యోగుల చిరునామాలకు పోయింది. ‘నాకెందుకు వచ్చింది?’, ‘నన్ను ఈ జాబితా నుంచి తీసెయ్యండి’ అని జనం రిప్లై ఆల్ కొట్టారు. ‘దయచేసి రిప్లై ఆల్ కొట్టకండి’ అని మరికొంతమంది రిప్లై ఆల్ కొట్టారు. గంటల తరబడి మెయిల్ వ్యవస్థ నత్తనడక నడిచింది. మన గ్రూపులు చిన్నవే, తంతు మాత్రం ఇదే.

కాబట్టి ‘ఓకే సార్’, ‘నోటెడ్ మేడమ్’, ‘థాంక్యూ సార్’ గ్రూపుకు పంపకండి. పంపకపోతే సార్ ఏమనుకుంటారో అన్న సంకోచం మనవాళ్లలో ఎక్కువ. ఒకరు పంపగానే నేను వెనకబడ్డానేమో అని పదిమంది పంపుతారు. దీనికి మందు ఉత్తరం పంపే సార్ చేతిలోనే ఉంది. ‘అందిందని జవాబు రాయనక్కర్లేదు’ అని చివర ఒక్క వాక్యం రాసేయండి. ఎవరు చదివారో నిజంగా తెలియాలంటే గూగుల్ ఫారం పెట్టండి.

అందరికీ పనికొచ్చే ప్రశ్న అడిగినప్పుడు జవాబులు మీకు నేరుగా తెప్పించుకుని, అన్నీ కలిపి ఒక్క ఉత్తరంగా గ్రూపుకు పంపండి. జవాబు రాసేటప్పుడు కింద వేలాడే పాత ఉత్తరాల తోక కత్తిరించి, మీరు జవాబు చెప్తున్న వాక్యం మాత్రం ఉంచండి. ఆ తోకలో ఇంతకు ముందు ఇద్దరి మధ్య నడిచిన సొంత మాటలుంటే అవి కూడా అందరికీ పోతాయి. ఫార్వర్డ్ చేసేటప్పుడైతే ఈ జాగ్రత్త రెట్టింపు కావాలి. ఒకరు మీకు మాత్రమే రాసిన ఉత్తరాన్ని వాళ్లను అడగకుండా గ్రూపులో పెట్టడం తప్పే.

చావు కబురు, రక్తం కబురు

గురువు పోయారన్న కబురు వచ్చాక ‘ఓం శాంతి’ రాయకుండా ఉండటం మనకు కష్టం. మౌనంగా ఉంటే కనికరం లేనివాళ్లనుకుంటారని బాధ. నేనైతే ఆ మాట తప్పంటానికి సిద్ధంగా లేను. కబురు పంపేవారే దారి చూపాలి: అంత్యక్రియలు ఎక్కడ, ఎన్నింటికి, సంతాపం ఎవరి చిరునామాకు పంపితే కుటుంబానికి చేరుతుంది అన్న మూడూ రాయాలి. వచ్చిన సంతాపాలన్నీ ఒకచోట చేర్చి, అచ్చు తీసి పెద్దకర్మ నాటికి ఆ ఇంటికి ఇస్తే గ్రూపులో కొట్టుకుపోయే రెండు వందల ఉత్తరాల కంటే వాళ్లకు అదే మిగులుతుంది. పీహెచ్‌డీ వచ్చినవారికి, పదోన్నతి అందుకున్నవారికి అభినందనలు కూడా వారి సొంత చిరునామాకే.

రక్తం కోసం రాసే ఉత్తరం మాత్రం గ్రూపుకే పోవాలి. అది సరిగా రాయకపోతే మనిషికే ప్రమాదం. ‘అర్జెంటుగా బ్లడ్ కావాలి, షేర్ చెయ్యండి’ అని తేదీ లేకుండా పంపితే మూడేళ్ల తర్వాత కూడా అది తిరుగుతూనే ఉంటుంది. ఇలా రాయండి: ‘ఓ నెగెటివ్ రక్తం రెండు యూనిట్లు. కర్నూలు పెద్దాసుపత్రి. ఆగస్టు 11, మంగళవారం మధ్యాహ్నం ఒంటిగంటలోపు. ఫోన్ చెయ్యాల్సింది ఫలానా వారికి.’ ఆ ఫోన్ నంబరు రోగి ఇంటివాళ్లను అడిగే ఇవ్వండి. రోగి జబ్బు వివరాలు అక్కర్లేదు. ఇంతకు ముందు ఇచ్చినవాళ్లలో మగవాళ్లకు మూడు నెలలు, ఆడవాళ్లకు నాలుగు నెలలు గడిచి ఉండాలని ఒక మాట చేరిస్తే అనవసరంగా బయల్దేరి వచ్చి వెనుదిరిగేవాళ్లు ఉండరు. రక్తం దొరకగానే అదే ఉత్తరానికి జవాబుగా ‘అందింది, ఇక ఫోన్ చెయ్యకండి’ అని రాయడం మరవకండి. ఆ ఇంటివాళ్ల ఫోను అర్ధరాత్రి దాకా మోగుతూ ఉండకూడదు కదా.

జాబితాలు పంపేటప్పుడు ఆగండి

నన్ను అన్నిటికంటే బాధించేది ఇదే. స్కాలర్‌షిప్ ఎవరెవరికి పెండింగ్‌లో ఉందో చెప్పడానికి మొత్తం ఎక్సెల్ షీటు గ్రూపుకు పంపేస్తారు. అందులో విద్యార్థి పేరు, కులం, ఆధార్ నంబరు, బ్యాంకు ఖాతా, తల్లి ఫోన్ నంబరు అన్నీ వరుసగా ఉంటాయి. మోసగాడికి ఇంతకంటే ఏం కావాలి? కులం, ఇంటి ఆదాయం తోటి పిల్లలందరి ముందు పరవడం ఆ విద్యార్థికి అవమానం కూడా. చెప్పాల్సింది ‘ఫలానా రోల్ నంబర్లవాళ్లు ఆఫీసులో కలవండి’ అన్న ఒక్క మాట. రోల్ నంబర్ల నిలువు వరుస ఒక్కటే కొత్త ఫైలులోకి తెచ్చి పంపండి. పాత షీటులో వరుసలను హైడ్ చేసి పంపితే చాలదు, ఎవరైనా ఒక నొక్కుతో మళ్లీ బయటికి తీస్తారు. ఆధార్ జిరాక్స్ అడగాల్సి వస్తే చివరి నాలుగు అంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ సరిపోతుందేమో చూడండి. ఎవరూ దాన్ని గ్రూపుకు పంపకూడదని, ఏ చిరునామాకు పంపాలో స్పష్టంగా రాయండి. వ్యక్తిగత వివరాల రక్షణకు 2023లో దేశంలో చట్టమే వచ్చింది.

దొరికిన ఐడీ కార్డు సంగతీ అంతే. ఫొటో పెట్టకండి, పేరు, విభాగం రాసి ‘నా దగ్గర ఉంది’ అంటే సరిపోతుంది.

గ్రూపుగా లేని మనుషులకు, అంటే సెమినార్‌కు పేరిచ్చిన బయటివాళ్లకు పంపేటప్పుడు చిరునామాలన్నీ బీసీసీలో పెట్టండి. టు గడిలో పెడితే ఒకరి చిరునామా ఒకరికి తెలిసిపోతుంది, పైగా ఎవరో ఒకరు రిప్లై ఆల్ కొడతారు.

తప్పు కనిపిస్తే, కోపం వస్తే

నోటీసులో తేదీ తప్పుందని తెలిసినా సార్‌కు చెప్పడానికి విద్యార్థులు జంకుతారు. చెప్పకపోతే అందరూ నష్టపోతారు. ముందు పంపినవారికి మాత్రమే రాయండి: ‘సార్, ఈ ఉత్తరంలో 14 అని ఉంది, పరీక్షల విభాగం నోటిఫికేషన్‌లో 12 అని ఉంది. ఏది సరైనదో చెప్పగలరా?’ ఇందులో నింద లేదు, రెండు ఆధారాలున్నాయి. గడువు మరీ దగ్గరపడి సాయంత్రందాకా జవాబు రాకపోతే ఇదే ఉత్తరాన్ని గ్రూపుకు పంపడంలో తప్పులేదు. తప్పు చేసినవారు సరిదిద్దే ఉత్తరం గ్రూపుకే పంపాలి, సబ్జెక్టులో ‘సవరణ’ అని పెట్టి. సాకులు రాయనక్కర్లేదు.

కోపంలో ఉన్నప్పుడు టైపు చెయ్యండి, పంపకండి. టు గడి ఖాళీగా ఉంచి డ్రాఫ్ట్‌లో పెట్టుకుంటే పొరపాటున కూడా పోదు. ఆవేశంలో రాసిన జవాబును ఒక రాత్రి ఆపమని 1995లోనే ఇంటర్నెట్ మర్యాదల మీద వెలువడిన ఆర్ఎఫ్‌సీ 1855 పత్రం చెప్పింది. తెల్లారాక చదివితే సగం వాక్యాలు మీరే కొట్టేస్తారు. చిన్న విషయానికి కూడా వీసీకి, రిజిస్ట్రార్‌కు సీసీ పెట్టడం మరో అలవాటు. విభాగంలో అడిగి, జవాబు రాక, మళ్లీ అడిగి, అప్పటికీ రాకపోతే పైకి రాయండి. అప్పుడు మొదటి రెండు ఉత్తరాలే మీకు బలం.

జీమెయిల్‌లో సెండ్ నొక్కాక ‘అన్‌డూ’ కొద్ది సెకన్లే ఉంటుంది. కంప్యూటర్లో సెట్టింగ్స్ తెరిచి దాన్ని 30 సెకన్లకు పెంచుకోండి. ఆ సమయం దాటితే ఉత్తరాన్ని వెనక్కు తెచ్చుకోలేరు.

మోసపు ఉత్తరం వస్తే

‘మీ స్కాలర్‌షిప్ ఆగిపోయింది, ఈ లింకులో బ్యాంకు వివరాలు ఇవ్వండి’ అన్న ఉత్తరం మనకు తెలిసినవాళ్ల పేరుతోనే గ్రూపుకు రావచ్చు. వాళ్ల ఖాతా ఎవరో పట్టుకుని ఉంటారు. లింకు నొక్కకండి, జవాబు రాయకండి, హెచ్చరిక కోసమని దాన్నే మళ్లీ ఫార్వర్డ్ చెయ్యకండి. ఆ మనిషికి ఫోన్ చెయ్యండి, గ్రూపు చూసేవారికి చెప్పండి. వారు లింకు లేకుండా కొత్త ఉత్తరంలో హెచ్చరించాలి. ఎవరైనా అప్పటికే వివరాలు ఇచ్చి డబ్బు పోగొట్టుకుంటే వెంటనే 1930కి ఫోన్ చెయ్యాలి. ఎంత త్వరగా చేస్తే డబ్బు ఆపే అవకాశం అంత ఎక్కువ.

ఉత్తరాలు ఎక్కువైతే

విసుగొచ్చి గ్రూపు ఉత్తరాన్ని ‘రిపోర్ట్ స్పామ్’ నొక్కకండి. ఆ తర్వాత మీ ఫీజు నోటీసులు కూడా స్పామ్‌లోకే పోతాయి. ఎక్కువమంది అలా నొక్కితే యూనివర్సిటీ పంపే మెయిల్ మొత్తానికే చెడ్డపేరు వస్తుంది. ఒక చర్చ అక్కర్లేదనుకుంటే దాన్ని మాత్రం మ్యూట్ చెయ్యండి. కంప్యూటర్లో ఫిల్టర్ పెట్టి గ్రూపు ఉత్తరాలన్నిటికీ ఒక లేబుల్ వేసుకోండి. ఫోన్ యాప్‌లో ఫిల్టర్ పెట్టడం కుదరదు, ఒకసారి ల్యాబ్‌లో కూర్చుని పెట్టుకుంటే ఫోన్‌లోనూ అదే పనిచేస్తుంది. గూగుల్ గ్రూప్స్‌లో ‘డైజెస్ట్’ ఎంచుకుంటే 25 ఉత్తరాల దాకా ఒకే ఉత్తరంగా వస్తాయి. చర్చల గ్రూపులకు ఇది హాయి. నోటీసుల గ్రూపుకు మాత్రం పెట్టుకోవద్దు, కట్ట వచ్చేదాకా నోటీసు ఆగుతుంది.

సెలవు పెట్టినప్పుడు ఆటోమేటిక్ జవాబు పెట్టుకునేవాళ్లు అది గ్రూపుకు పోకుండా చూసుకోండి. జీమెయిల్ సాధారణంగా మెయిలింగ్ లిస్టు ఉత్తరాలకు ఆ జవాబు పంపదు. అన్ని మెయిల్ ప్రోగ్రాంలూ అంత జాగ్రత్తగా ఉండవు.

గ్రూపు నడిపేవారికి

నోటీసులకు ఒక గ్రూపు, చర్చలకు ఒక గ్రూపు విడిగా పెట్టండి. ఈ ఒక్క పని చేస్తే పైన చెప్పిన ఇబ్బందుల్లో సగం ఉండవు. నోటీసుల గ్రూపులో రాసే అధికారం ఇద్దరు ముగ్గురికే ఇచ్చి, జవాబులు పంపినవారికే పోయేలా సెట్ చెయ్యండి. యజమానులుగా కనీసం ఇద్దరు ఉండాలి. ఒక్కరే ఉండి వారు బదిలీ అయితే గ్రూపు తాళం ఎవరి దగ్గరా ఉండదు. ఎవరి ఉత్తరమైనా ఆపితే ఎందుకు ఆపారో వారికి ఒక వాక్యం రాయండి. కారణం చెప్పకుండా ఆపితే విద్యార్థి మళ్లీ గొంతెత్తడు. ఏడాదికొకసారి, కొత్త బ్యాచ్ చేరినప్పుడు, పాత పేర్లు సరిచూడండి.

కోర్సు ముగించుకుని పోయేవాళ్లు బయటికి వెళ్లాలంటే ‘నన్ను తీసెయ్యండి’ అని గ్రూపుకు రాయకూడదు. ఉత్తరం అడుగున ఉండే అన్‌సబ్‌స్క్రైబ్ లింకు నొక్కండి, లేదా నడిపేవారి చిరునామాకు రాయండి. మార్కుల మెమోలు, కాన్వొకేషన్ కబుర్లు ఇంకా రావాల్సి ఉంటే మాత్రం అవి అందేదాకా ఆగి, యూనివర్సిటీ ఇచ్చిన మెయిల్ ఐడీ మూసేలోపు మీ సొంత చిరునామా ఆఫీసులో రాయించి పోండి.